కింగ్ సాల్మన్ వెళ్తున్నారా? కళ్లద్దాలు మరచిపోకండి

అలాస్కాలో కాట్మాయ్ నేషనల్ పార్క్ చూడాలంటే చాలామంది దిగే ఊరు కింగ్ సాల్మన్. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు మామూలు కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకెళ్లండి. ఎందుకంటే 1912 జూన్‌లో ఆ పార్కులోని నోవారుప్తా అగ్నిపర్వతం దాదాపు 60 గంటలు పేలింది. ఇరవయ్యో శతాబ్దంలో అంత పెద్ద అగ్నిపర్వత పేలుడు ఇంకోటి లేదు. పార్కులోని ‘పదివేల పొగల లోయ’లో అప్పుడు పడిన బూడిద ఇప్పటికీ మేటలు వేసి ఉంది, గట్టి గాలి వస్తే లేస్తుంది. చూడటానికి పిండిలా ఉన్నా అది గాజుపొడి లాంటిది. లెన్సు కింద చేరితే కన్ను గీరుకుపోతుంది. కెమెరా మీద పడితే గుడ్డతో రుద్దకండి, ముందు గాలి ఊది దులపండి. మాస్క్ కూడా జేబులో ఉండాలి.

పార్కులో ఎలుగుబంట్లను చూడటానికి వెళ్లే చోటు బ్రూక్స్ క్యాంప్. అక్కడ అవి మనుషులు నడిచే దారిలోనే తిరుగుతాయి. పులిహోర, ఆవకాయ బ్యాగులో పెట్టుకుని అక్కడి జలపాతం దాకా వెళ్లడం అస్సలు వద్దు. తిండి దాచడానికి అక్కడ వేరే గది ఉంది, అందులోనే పెట్టండి.

అలాస్కాలోని పెద్ద నగరం ఏంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్‌కు రోడ్డు లేదు. సరుకులన్నీ విమానంలోనో బార్జిలోనో (సరుకుల పడవలో) రావాలి కాబట్టి ధరలు మండిపోతాయి. మందులు, పప్పులు ఏంకరేజ్‌లోనే కొనుక్కోండి. పొగమంచు పడితే చిన్న విమానాలు ఎగరవు. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే, పెద్ద ఫ్లైట్ తప్పిపోతుందన్న టెన్షన్ ఉండదు.