స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడే పద్ధతి: మందు గొంతులో ఆగిపోకుండా

ఉబ్బసంలో మనకు తెలిసేది ఆయాసం, పిల్లికూతలు. వాటి కింద శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది, హాయిగా ఉన్న రోజుల్లో కూడా. సాల్బుటమాల్ ఉండే నీలం పంపు బిగుసుకున్న నాళాలను నిమిషాల్లో వదులు చేస్తుంది కానీ ఆ వాపు జోలికి పోదు. వాపును తగ్గించేది బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటి స్టెరాయిడ్. దాని గుణం పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి పని చేయలేదనుకున్నా, ఆయాసం తగ్గిందని మానేసినా వాపు మళ్లీ మొదటికొస్తుంది.

స్టెరాయిడ్ మాట వింటేనే కొందరికి భయం. స్టెరాయిడ్ మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పఫ్‌లో వచ్చే మైక్రోగ్రాముల మందు చాలావరకు నాళాల మీదే పనిచేస్తుంది. పంపు అలవాటైపోతుందన్న మాటలోనూ నిజం లేదు.

స్ప్రే రకం పంపును పెద్దవాళ్లయినా స్పేసర్‌తోనే, అంటే పంపుకూ నోటికీ మధ్య పెట్టే బోలు ప్లాస్టిక్ గొట్టంతోనే వాడటం మేలు. నేరుగా నోట్లో కొట్టుకుంటే మందులో ఎక్కువ భాగం గొంతు గోడకే అంటుకుంటుంది. ముందు పంపును బాగా కుదిపి స్పేసర్‌కు తగిలించండి. ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్ మూతి చుట్టూ పెదాలు గట్టిగా మూసి, పంపును ఒక్కసారే నొక్కండి. 3 నుంచి 5 సెకన్లు నెమ్మదిగా లోపలికి పీల్చి, 10 సెకన్లు బిగబట్టండి. డాక్టరు రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి కొట్టుకోండి. రెండూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే పోతుంది.

క్యాప్సూల్ పొడి పీల్చే పరికరానికి ఇది వర్తించదు. అందులో గట్టిగా, వేగంగా పీల్చాలి, లోపలికి ఊదకూడదు. ఆ క్యాప్సూల్‌ను మింగితే ఉబ్బసానికి పనిచేయదు.

స్టెరాయిడ్ పీల్చాక ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయండి. లేకపోతే గొంతు బొంగురుపోతుంది, నాలుక మీద తెల్లటి పూత కడుతుంది, అది ఫంగస్.

స్పేసర్‌ను నెలకోసారి సబ్బు నీళ్లలో ముంచి, తుడవకుండా ఆరబెట్టండి. గుడ్డతో రుద్దితే లోపల స్థిరవిద్యుత్ పుట్టి మందును గోడకు లాగేసుకుంటుంది.

నీలం పంపు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ కావాల్సి వస్తే వాపు అదుపులో లేనట్టే. డాక్టరుకు చెప్పి, వాళ్ల ముందే ఒకసారి పీల్చి చూపించండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే నీలం పంపు కొట్టుకుంటూనే ఆస్పత్రికి బయల్దేరాలి.