దొంగ పింఛన్ మీద ఫిర్యాదు ఎలా ఇవ్వాలి: ఒడిశా సరిహద్దులోని తెలుగువాళ్లకి

చనిపోయిన మనిషి పేరున ఇంకా పింఛన్ వస్తోందనో, ఒకాయన ఒకటో తేదీన ఆంధ్రాలో పాతపట్నం వైపు, పదిహేనో తేదీన ఒడిశాలో పర్లాకిమిడి వైపు రెండుచోట్లా తీసుకుంటున్నాడనో మన ఊళ్లలో గుసగుసలు మామూలే. ఫిర్యాదు ఇవ్వడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఆ మధ్య ఒక బ్లాకు ఆఫీసు బయట ఒకడు కాగితం రాసినందుకూ, "లోపల నేను చూసుకుంటా" అన్నందుకూ కలిపి ఐదు వందలు గుంజడం చూశాను. కాగితంలో ఉన్నవి రెండే వాక్యాలు. చివరికి "ఆ పేరుతో లబ్ధిదారు ఎవరూ లేరు" అన్న జవాబొచ్చింది.

ఒడిశా పింఛన్ మీదైతే ఎక్కడ ఇవ్వాలన్నది తేలికే. పల్లె అయితే బ్లాకు ఆఫీసులో బీడీవోకి, పట్నం అయితే మున్సిపాలిటీ లేదా ఎన్‌ఏసీ (చిన్న పట్నాల పాలక మండలి) ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కి. కలెక్టర్, ఎస్పీ కలిసి కూర్చునే సోమవారం గ్రీవెన్స్‌లోనూ ఇవ్వచ్చు. ఇంట్లో నెట్ ఉంటే ఒడిశా ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జన సునాని పోర్టల్ ఉంది. ఆంధ్రా పింఛన్ సంగతి మాత్రం ఆంధ్రాలోనే చెప్పాలి, ఇక్కడి అధికారి దాన్ని ఆపలేడు. రెండువైపులా తీసుకుంటున్నాడని అనుమానమైతే రెండు కాగితాలు రాయాల్సిందే.

అసలు చిక్కంతా పేరు దగ్గరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా జాబితాలో అది చివరికి పోతుంది. మన వెంకటరావు అక్కడ "బెంకట రావు" అవుతాడు. ఊళ్లో అందరూ పిలిచే పేరు జాబితాలో అసలు ఉండకపోవచ్చు. అందుకే ముందు జాబితా చూడండి. ఇందిరాగాంధీ పేరుతో వచ్చే కేంద్ర పింఛన్లయితే ఎన్‌ఎస్‌ఏపీ (ఆ పింఛన్ల కేంద్ర పథకం) వెబ్‌సైట్‌లో జిల్లా, బ్లాకు, పంచాయతీ ఎంచుకుంటే పేర్లొస్తాయి. ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛన్‌దైతే పంచాయతీ ఆఫీసులో పీఈవోని (పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ని) అడగండి. అక్కడ పేరు ఎలా ఉందో అక్షరం మార్చకుండా ఎక్కించుకోండి. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, మంజూరు నంబరు కనిపిస్తే అదీ రాసుకోండి. ఫిర్యాదు ఒడియాలోగానీ ఇంగ్లీషులోగానీ ఉంటే మేలు. హైస్కూల్లో ఒడియా చదివే పిల్లాడు ఇంట్లో ఉంటే చాలు, బయట ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు.

చనిపోయినవాళ్ల విషయమైతే మరణ ధ్రువపత్రం తెమ్మని కొందరు భయపెడతారు. మీరు తేనక్కర్లేదు. ఏ నెల, ఏ సంవత్సరం అన్నది రాయండి, రిజిస్టరు తిరగేయడం వాళ్ల పని. ఎవరి ఆధార్ కాపీనీ, పాస్‌బుక్ ఫోటోనీ సంపాదించే ప్రయత్నం చెయ్యకండి, ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి. "తింటున్నాడు" అని కాకుండా "అనుమానంగా ఉంది, విచారించండి" అని రాయండి. పాత కక్షతో తెలిసి తెలిసి అబద్ధం రాస్తే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడచ్చు. నిజంగా అనుమానపడి రాసినవాళ్లకి ఈ టెన్షన్ అక్కర్లేదు.

పేరు లేని కాగితాన్ని మామూలుగా పక్కన పడేస్తారు. మీ పేరు పెట్టి, దాన్ని గోప్యంగా ఉంచమని ఒక వాక్యం చేర్చండి. బయటికి పొక్కదని నేను మాటివ్వలేను, చిన్న ఊళ్ల సంగతి తెలిసిందే. నలుగురు కలిసి సంతకాలు పెడితే ఒక్కరి మీదే కన్ను పడదు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చేసి, రెండోదాని మీద సీలు, తేదీ, డైరీ నంబరు వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి. "తర్వాత వేస్తాం" అంటే అక్కడే కూర్చోండి. ఆ ముద్ర లేకపోతే రేపు మీరసలు ఫిర్యాదే ఇవ్వలేదంటారు.

నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తు పెట్టండి. ఒడిశాలో తెల్లకాగితం చెల్లదు, ఫారం 'ఏ' మీదే రాయాలి, గుర్తింపు పత్రం కాపీ జత చెయ్యాలి, ఫీజు పది రూపాయలు. బీపీఎల్ వాళ్లకి ఆ పదీ అక్కర్లేదు. ఎదుటివాడి బ్యాంకు వివరాలు అడిగితే ఇవ్వరు. "ఫలానా తేదీన, ఫలానా డైరీ నంబరుతో నేనిచ్చిన ఫిర్యాదు మీద ఏం చేశారు" అని మాత్రం అడగండి. దానికి ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, అదీ మరో ముప్పై రోజుల్లోపే వేయాలి.