ఆకాశంలో వింత కనిపిస్తే ముందు ఏం రాసుకోవాలి

2022 డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం, వికారాబాద్ దగ్గరి పల్లెలో ఉండే మా చిన్నాయన ఫోన్ చేసి, "ఒరేయ్, మన ఊరి మీద ఏదో నిలబడ్డదిరా, తెల్లగున్నది, మన గుడి అంత ఉంటది" అన్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు, చూపు కూడా బాగానే ఉంది. అయినా ఆయన చెప్పిన మాటల్లో "తెల్లగున్నది" అన్న ఒక్కటే కంటితో చూసినది. "నిలబడ్డది" అన్నది సరిచూడవలసినది. "ఊరి మీద", "గుడి అంత" అన్నవి ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో తెలిస్తే తప్ప ఎవరూ చెప్పలేనివి. చూసిన దాన్నీ ఊహించిన దాన్నీ ఇలా వేరుచేయడమే ఎగిరే పళ్లేల విషయంలోనైనా, వింత జంతువుల విషయంలోనైనా, వాట్సాప్‌లో తిరిగే కుట్ర కథల విషయంలోనైనా మొదట చేయవలసిన పని. అది ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాట్లాడకముందే రాయాలి

వింత కనిపించగానే పక్కవాళ్లను పిలవడం సహజమే కానీ, వాళ్లతో చర్చ మొదలుపెట్టకముందే నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టడం అవసరం. ఇద్దరు మాట్లాడుకున్నాక ఇద్దరి జ్ఞాపకాలూ కలిసిపోయి ఒకే కథ అవుతాయి, ఆ తర్వాత ఇద్దరు సాక్షులున్నా ఒక్కరున్నట్టే. పేరు పెట్టడంలో తొందర ఎంత దూరం తీసుకుపోతుందో 1947లోనే తెలిసింది. ఆ ఏడాది జూన్ 24న అమెరికాలోని రెయినియర్ పర్వతం దగ్గర విమానం నడుపుతున్న కెన్నెత్ ఆర్నాల్డ్ తొమ్మిది మెరిసే వస్తువులను చూసి, నీళ్ల మీదికి విసిరిన సాసరు ఎగిరెగిరి పడ్డట్టు అవి కదిలాయని చెప్పాడు. ఆయన పోల్చింది కదలికను. పత్రికలు దాన్ని ఆకారానికి అంటగట్టి "ఎగిరే పళ్లేలు" అని రాశాయి. ఆ తర్వాత జనానికి పళ్లేలే కనిపించడం మొదలైంది.

రాసుకోవలసినవి ఎక్కువేమీ లేవు. మీరు నిలుచున్న చోటు, గడియారంలో సమయం, వస్తువు కనిపించిన దిక్కు, నేలకు ఎంత ఎత్తున ఉందో, ఎంతసేపు కనిపించిందో, రంగు మారిందా, చప్పుడు వినిపించిందా అన్నవి చాలు. ఎత్తు కొలవడానికి మీ చెయ్యే సాధనం. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలను కప్పుతుంది, కాబట్టి నేల, ఆకాశం కలిసే అంచు నుంచి నడినెత్తి దాకా తొమ్మిది పిడికిళ్లు పడతాయి. చిటికెన వేలు సుమారు ఒక డిగ్రీ. చంద్రుడు అర డిగ్రీ మాత్రమే ఉంటాడు. నమ్మకం కుదరకపోతే పున్నమి నాడు చెయ్యి చాచి చంద్రుణ్ణి చిటికెన వేలితో కప్పి చూడండి, వేలు ఇంకా మిగులుతుంది. "పెద్ద పళ్లెమంత" అని రాయడం కన్నా "చంద్రుడిలో సగం" అని రాయడం వల్ల తర్వాత లెక్క వేయడానికి వీలవుతుంది.

కదలిక విషయంలో కంటిని అంతగా నమ్మకూడదు. చీకట్లో ఒంటరి వెలుగు చుక్కను కాసేపు తదేకంగా చూస్తే, అది కదలకపోయినా అటూ ఇటూ జరుగుతున్నట్టే అనిపిస్తుంది. అందుకే గోడకు ఆనుకుని, తల కదల్చకుండా, కరెంటు స్తంభమో డాబా పిట్టగోడ అంచో అడ్డం పెట్టుకుని, వెలుగు ఆ అంచును దాటుతోందా లేదా అని ఐదు నిమిషాలు చూడాలి. ఈ ఒక్క పనితోనే సగం వింతలు తేలిపోతాయని నా అనుభవం.

తెలిసిన వాటితో సరిపోల్చడం

సాయంత్రం పడమటనో తెల్లవారుజామున తూర్పుననో మెరుస్తూ, ఎంతసేపైనా పోకుండా నిలిచే వెలుగు కనిపిస్తే ముందుగా శుక్రుణ్ణి అనుమానించాలి. ఇది చదువు లేనివాళ్లు మాత్రమే చేసే పొరపాటు కాదు. 2012, 2013 సంవత్సరాల్లో లద్దాఖ్ సరిహద్దులో కాపలా కాస్తున్న మన సైనికులు ఆకాశంలో కనిపించిన రెండు వెలుగులను చైనా పంపిన నిఘా డ్రోన్లేమోనని అనుమానించి, నెలల తరబడి వందల సార్లు నమోదు చేశారు. భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి ఒకటి శుక్రుడని, మరొకటి గురుడని తేల్చారు. ఇందులో సైనికులను చూసి నవ్వవలసింది ఏమీ లేదు. నమోదు చేయకుండా భయపడి ఊరుకుని ఉంటే ఆ సంగతి తేలేదే కాదు. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఏమిటంటే, మర్నాడు అదే సమయానికి అదే చోట నిలబడి చూడటం. గ్రహమైతే దాదాపు అక్కడే కనిపిస్తుంది.

వరుసగా రైలు పెట్టెల్లా సాగిపోయే చుక్కలు, 2019 మే నుంచి గుంపులుగా ప్రయోగిస్తున్న స్టార్‌లింక్ ఉపగ్రహాలు కావచ్చు. మినుకుమనకుండా నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటేది అంతరిక్ష కేంద్రం కావచ్చు. ఎరుపు, ఆకుపచ్చ దీపాలతో పాటు తెల్లటి మెరుపు క్రమంగా వస్తుంటే విమానం. ఉల్క రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది. అంతకన్నా నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ, వెలుగు తోకలతో సాగిపోతే అది తిరిగి పడుతున్న రాకెట్ భాగం కావచ్చు. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర మీదుగా అలా పోయినది చైనా రాకెట్ శకలం. చంద్రపూర్ జిల్లా సిందేవాహి దగ్గర దాదాపు మూడు మీటర్ల వ్యాసమున్న లోహపు వలయం కూడా దొరికింది. ఇక ఫోన్‌లో తీసిన వీడియో గురించి ఒక మాట. జూమ్ చేసినప్పుడు ఫోకస్ తప్పిన ప్రతి చిన్న వెలుగూ గుండ్రటి బిళ్లలా ఉబ్బుతుంది. ఆ బిళ్ల కెమెరాలోదే తప్ప ఆకాశంలోది కాదు.

మా చిన్నాయన చూసినది వీటిలో ఏదీ కాదు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఒకటి ఉంది. అక్కడి నుంచి ఎగిరిన బెలూన్, స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే అంతరిక్ష పర్యాటక సంస్థ తయారుచేసిన, మనుషులు లేని గదిని పరీక్ష కోసం పైకి మోసుకుపోయింది. ఆ గది చివరికి వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో దిగితే చూడటానికి జనం పోగయ్యారు. ఈ కేంద్రం పరిశోధన కోసం వదిలే బెలూన్లు పలుచని పాలిథిన్ పొరతో చేసినవి, 50 నుంచి 85 మీటర్ల వ్యాసమున్నవి, 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోయేవి. లెక్క వేసి చూడండి: 60 మీటర్ల బెలూన్ 35 కిలోమీటర్ల ఎత్తున సరిగ్గా నెత్తి మీద ఉన్నా చంద్రుడి వెడల్పులో ఐదో వంతే కనిపిస్తుంది. "గుడి అంత" అనుకునేవారికి అసలు వస్తువు గుడికన్నా ఎంతో పెద్దదని, ఊరి మీద కాక ఎక్కడో పైన ఉందని తోచే అవకాశమే లేదు. పైగా అంత ఎత్తున సూర్యుడు మనకన్నా సుమారు 25 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు, అంతే ముందుగా ఉదయిస్తాడు. అందుకే నేల మీద చీకటి పడ్డాక కూడా బెలూన్ దీపంలా మెరుస్తుంది. బెలూన్లు వదిలే కాలంలో ఆ కేంద్రం ముందుగానే పత్రికల్లో ప్రకటన ఇచ్చి, రంగుల పారాచూట్లతో దిగిన పరికరాలను తెరవవద్దని, కొన్నింటిలో ప్రమాదకరమైన విద్యుత్తు ఉండవచ్చని, పోలీసులకు తెలియజేయమని కోరుతుంది. ఆ ప్రకటన ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

వింత జంతువు సంగతి

"వింత జంతువు కలకలం" అన్న శీర్షిక కింద మన పత్రికల్లో అచ్చయ్యే ఫొటోల్లో తరచుగా ఉండేది ఒంటినిండా పొలుసులుండే అలుగో, మానుపిల్లో, రోగంతో వెంట్రుకలు రాలిన మామూలు జంతువో అయి ఉంటుంది. పెద్దదాన్ని చూసిన కంటికి పిల్ల ఎలా ఉంటుందో తెలియకపోవడం మరో కారణం. 2017లో విశాఖపట్నంలో ఒక భవనంలో కనిపించిన మూడు జీవుల వీడియో గ్రహాంతరవాసులంటూ దేశమంతా తిరిగింది. సన్నటి కాళ్ల మీద నిటారుగా నిలబడి, ఈకలు సరిగా రాని ఒంటితో, పొడవాటి తెల్లని ముఖంలోంచి నల్లని కళ్లతో కెమెరా వైపు చూస్తున్న ఆ జీవులను చూసి ఎవరైనా జడుసుకుంటారు. అవి బార్న్ ఔల్ జాతి గుడ్లగూబ పిల్లలు. ఇటువంటి వీడియో వచ్చినప్పుడు "ఇది ఏ జంతువు?" అని కాకుండా "ఇది ఏ జంతువు పిల్ల?" అని అడిగి చూడండి. వీడియోను ఆపి, స్పష్టంగా ఉన్న ఒక బొమ్మను గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలించారేమో తరచుగా బయటపడుతుంది. జంతువు ఎదురుగానే ఉంటే మాత్రం చుట్టుముట్టకుండా అటవీ శాఖకు చెప్పాలి. అలుగును వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, కట్టేసి ఫొటోలు దిగడం కూడా నేరమే అవుతుంది.

హిమాలయాల్లో తిరిగే మంచుమనిషి అని చెప్పుకునే యతి వంటి పెద్ద కథలకూ ఇదే దారి. మ్యూజియాల్లోను, కొందరి సొంత సేకరణల్లోను యతివిగా దాచిన ఎముక, చర్మం, వెంట్రుకల వంటి తొమ్మిది నమూనాల డీఎన్ఏను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు: ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది.

కుట్ర కథను విన్నప్పుడు

ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం, ఎందుకంటే కుట్రలు నిజంగానే జరుగుతాయి. రోస్‌వెల్ ఉదంతాన్నే తీసుకుందాం. 1947 జులై 8న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో రోస్‌వెల్ పట్టణం దగ్గరి సైనిక విమాన స్థావరం ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, వెంటనే అది వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. చాలా ఏళ్ల తర్వాత, 1994లో, అమెరికా వైమానిక దళం ఆ శకలాలు మోగుల్ అనే రహస్య పథకానివని నివేదిక ఇచ్చింది. సోవియట్ అణుపరీక్షల శబ్ద తరంగాలను పసిగట్టడానికి పరికరాలు మోస్తూ ఎగిరిన బెలూన్ల వరుస అది. అంటే "ప్రభుత్వం ఏదో దాస్తోంది" అన్నవాళ్లు చెప్పింది నిజమే. "దాస్తున్నది గ్రహాంతరవాసులను" అన్న రెండో మాటకే ఆధారం లేదు. కుట్ర కథ వినగానే ఈ రెండు మాటలనూ విడదీసి, దేనికి ఏ ఆధారం ఉందో వేరువేరుగా అడగాలి.

ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు: "ఏం చూపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటావు?" ఏం చూపించినా అది కూడా కుట్రలో భాగమే అన్న జవాబు వస్తే, అక్కడితో వాదన ఆపేయడం మేలు. అయితే ఈ ప్రశ్న ముందు మనకు మనం వేసుకోవాలి. పెద్దవాళ్లను కుటుంబం గ్రూపులో అందరి ముందు తప్పుబట్టడం కన్నా, విడిగా ఫోన్ చేసి "నీకు ఇది ఎవరు పంపారు చిన్నాయనా?" అని అడగడం మంచిది. పంపినవారి నుంచి పంపినవారికి వెనక్కి వెళ్తూ ఉంటే, చూసినవాడు ఒక్కడూ తగలకపోవడం ఆయనకే తెలిసొస్తుంది. నమ్మకం దేవుడితో ముడిపడినప్పుడు మరికాస్త జాగ్రత్త కావాలి. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు వరుసలు కట్టినప్పుడు, శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చూపించింది పాలు విగ్రహం మీదుగా పలుచని పొరగా కిందికి జారడాన్ని. అది పాల గురించిన జవాబు, భక్తి గురించినది కాదు.

కొట్టిపారేయడంలోనూ తొందర ఉంటుంది. ఆకాశం నుంచి రాళ్లు పడతాయని పల్లెటూరివాళ్లు చెబితే 18వ శతాబ్దపు ఫ్రెంచి పండితులు నమ్మలేదు. అలా పడిందన్న ఒక రాయిని రసాయన శాస్త్రంలో గొప్ప పేరున్న లావోయిజియే వంటివాడు కూడా పరీక్షించి, పైనుంచి పడినది కాదని 1772లో తేల్చేశాడు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లోని లైగ్ల్ పట్టణం చుట్టూ రాళ్ల వాన కురిసిందని వార్త వస్తే, జాన్ బాప్టిస్ట్ బియో అనే యువ శాస్త్రవేత్త కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పకుండా ఆ ఊళ్లకు వెళ్లి, తిరిగి, ఒకరికొకరు సంబంధం లేని మనుషులను విడివిడిగా అడిగి, రాళ్లు పడిన చోట్లను పటం మీద గుర్తించాడు. ఆ తర్వాతే ఉల్కల మాటను శాస్త్రం ఒప్పుకుంది. ఎవరైనా వింత చూశామని చెప్పినప్పుడు బియో పద్ధతే నాకు ఆదర్శం.

అమెరికా వైమానిక దళం 1969 దాకా నడిపిన బ్లూ బుక్ పథకంలో నమోదైన 12,618 ఉదంతాల్లో 701 చివరికి కూడా తేలలేదు. ఆ పథకం రికార్డుల్లో వాటి ఎదుట రాసింది "గుర్తించబడలేదు" అనే కానీ "గ్రహాంతరవాసులు" అని కాదు. నా నోటు పుస్తకంలోనూ అలాంటివి రెండు ఉన్నాయి. వాటిలో ఒకటి చిన్నాయన కిందటేడు చెప్పినది. ఈసారి ఫోన్ ఎత్తగానే, "రాసుకో. ఉత్తరం దిక్కు, మూడు పిడికిళ్ల ఎత్తు, ఎనిమిదిన్నర అయింది, నారింజ రంగు, చప్పుడు లేదు, స్తంభం దాటి కుడికి పోయింది" అన్నాడు. పెళ్లిళ్లలో వదిలే ఆకాశ దీపమేమో అనుకుని ఆ రోజు గాలి ఎటు వీచిందని అడిగితే, గాలి అటునుంచి ఇటు వచ్చిందని, అది గాలికి ఎదురుగా పోయిందని చెప్పాడు. డ్రోన్ కావచ్చు. ఆ పేజీలో "డ్రోన్" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.