ఎన్నికల్లో ఓటర్లకు సాయపడాలనుకుంటున్నారా? దరఖాస్తు ఇలా

కొత్తగా ఓటు నమోదుకు ఫారం 6, తప్పుల సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8 ఉన్నాయి. ఓటర్లకు సాయం చేస్తానని ముందుకొచ్చేవాళ్లకు మాత్రం అలా నంబరున్న ఫారం ఏదీ లేదు. తెల్లకాగితం మీద రాసిన అర్జీయే దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ అనగానే 2019లో వచ్చిన గ్రామ, వార్డు వాలంటీర్లే గుర్తొస్తారు. వాళ్లను 2024 ఎన్నికల కోడ్ సమయంలో పింఛన్ల పంపిణీకి కూడా ఎన్నికల సంఘం దూరం పెట్టింది. ఆ గందరగోళం లేకుండా ‘విషయం’ దగ్గర ‘పోలింగ్ రోజు వృద్ధులకు, దివ్యాంగులకు స్వచ్ఛంద సహాయం’ అని విడమరిచి రాయండి.

ఎవరికి ఇవ్వాలి?

కాలేజీలో చదువుతుంటే కలెక్టరేట్ దాకా వెళ్లక్కర్లేదు, మీ ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ని కలవండి. పోలింగ్ కేంద్రాల్లో సాయానికి ఎక్కువగా పిలిచేది ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్స్ పిల్లల్నే. మిగతావాళ్లు జిల్లా ఎన్నికల అధికారి పేరిట రాయాలి. జిల్లాల్లో ఆయన కలెక్టరే. హైదరాబాద్‌లో మాత్రం ఆ బాధ్యత జీహెచ్‌ఎంసీ కమిషనర్‌ది. ఓటర్ల చైతన్య కార్యక్రమాన్ని ‘స్వీప్’ అంటారు. దాని నోడల్ అధికారి ఎవరో ఎన్నికల విభాగంలో అడిగి, ఒక కాపీ అక్కడా ఇవ్వండి. ఇన్‌వార్డులో, అంటే అర్జీలు తీసుకునే బల్ల దగ్గర, ఇచ్చేటప్పుడు మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరిచిపోవద్దు.

అర్జీలో పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఓటరు కార్డు నంబరు, మీ పోలింగ్ కేంద్రం, ఏ రోజుల్లో వీలవుతుందో రాయండి. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదనీ, ఎవరికీ ఏజెంటుగా ఉండబోననీ ఒక వాక్యం చేర్చండి. అధికారులు మొదట చూసేది దాన్నే. ఉర్దూ వచ్చినా, సైగల భాష తెలిసినా తప్పక రాయండి.

ఎప్పుడు?

షెడ్యూలు వచ్చాక కాదు, అంతకు ముందే. కోడ్ మొదలైతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి కూడా ఆపేస్తారు, సిబ్బందికి తల ఎత్తే తీరిక ఉండదు. పైగా, నా లెక్కలో, అసలు సాయం పోలింగ్‌కు ముందే ఉంది. నామినేషన్ల గడువు ముగిసిందంటే జాబితాలో కొత్త పేరు చేరదు. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటు వేయాలంటే నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు ఫారం 12డి ఇవ్వాలి. మీ అపార్ట్‌మెంట్‌లో మంచం దిగలేని తాతగారు ఉన్నారని బీఎల్‌ఓకు (బూత్ స్థాయి అధికారికి) ముందే చెప్పగలిగితే, ఆ రోజు పది వీల్‌చైర్లు తోసినంత పని.

పోలింగ్ రోజు

కేంద్రం బయట బీఎల్‌ఓ బల్ల దగ్గర గొడవంతా ఓటరు స్లిప్పుల గురించే. ‘కాగితం తెచ్చాను కదా నాయనా’ అంటూ ఓ పెద్దావిడ స్లిప్పు ఒక్కటే చాపుతుంది. 2019 నుంచి ఆ స్లిప్పు గుర్తింపు పత్రంగా చెల్లదు. ఓటరు కార్డో, ఆధారో, ఎన్నికల సంఘం అనుమతించిన మరో పత్రమో ఉండాలి. ఎండలో వరసలో నిలబడ్డాక కాకుండా గేటు దగ్గరే ఈ మాట చెప్పడం మీ పని. పార్టీ రంగు కండువా, గుర్తున్న టోపీ వద్దు. 100 మీటర్ల లోపల ప్రచారం నేరం. పక్కింటాయన్ని మీ బండి మీద తీసుకెళ్తే ఫర్వాలేదు కానీ, అభ్యర్థి తరఫున పెట్టిన ఉచిత ఆటో జోలికి పోవద్దు.

వీల్‌చైర్‌ను గది దాకా తోయండి, ఓటు వేసే అట్ట మరుగు వెనక్కి వెళ్లకండి. చూపు లేకో, వైకల్యం వల్లో సొంతంగా బటన్ నొక్కలేని ఓటరు వెంట ఒక సహాయకుడు వెళ్లొచ్చు. ఆ మనిషికి 18 ఏళ్లు నిండాలి, ఓటు రహస్యం కాపాడతానని, ఆ రోజు ఇంకెవరికీ అలా సాయపడలేదని రాసివ్వాలి. అంటే రోజు మొత్తానికి ఒక్కరికే. ఆ చోటు ఇంట్లోవాళ్లకే వదిలేయడం మంచిది. చూపు లేకున్నా బ్రెయిలీ చదివేవాళ్లకైతే బ్యాలెట్ యూనిట్ మీద ఆ అంకెలున్నాయని గుర్తుచేస్తే, తోడే అక్కర్లేకపోవచ్చు.

మీకు వేరే కేంద్రం వేస్తే, ముందు మీ బూత్‌లో ఉదయం 7కే ఓటు వేసి అక్కడికి బయలుదేరండి.