డెడ్ టీవీ మరమ్మతు – 4వ పాఠం: నల్ల ప్రోబు ఎక్కడ పెట్టారు?

ఈసారి బ్యాక్‌లైటు గురించి చెప్పాలి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఎందుకంటే పోయిన పాఠం చేసినవాళ్లలో చాలామంది ఒకటే మాట రాశారు: "ఫ్యూజు బాగుంది, పెద్ద కెపాసిటర్ దగ్గర 325 వోల్టులు మాత్రం రావడం లేదు." మారతహళ్లి నుంచి రాసినాయన అప్పటికే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డుకెళ్లి కొత్త 450 వోల్టుల కెపాసిటర్ తెచ్చి వేసేశారు. అయినా మీటరు మారలేదు. పాత కెపాసిటర్‌లో ఏ లోపమూ లేదు. మల్టీమీటరు నల్ల ప్రోబును టీవీ వెనక రేకు స్క్రూకి ఆనించి కొలిచారు, అంతే.

పవర్ బోర్డు మీద గ్రౌండ్లు, అంటే వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తామో ఆ సున్నా బిందువులు, రెండు. కరెంటు వచ్చే వైపుది హాట్ గ్రౌండు. పెద్ద కెపాసిటర్ నెగటివ్ కాలు, అంటే ఒంటి మీద చార ఉన్న వైపు కాలు, అదే. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఉన్నది కోల్డ్ గ్రౌండు. రేకు, స్క్రూలు, హెచ్‌డీఎంఐ సాకెట్ చుట్టూ ఉన్న లోహం అన్నీ దానివే. ఈ రెండింటికీ నేరుగా సంబంధం లేదు. ఎర్ర ప్రోబు ఇటు, నల్లది అటు పెట్టడమంటే పక్కింటి గడప మీద నిలబడి మన ఇంటి అటక ఎత్తు కొలవడమే. మీటరు ఒకసారి ఏదో అంకె చూపి జారిపోతుంది, ఒకసారి సున్నా అంటుంది. కేబుల్ వైరు తగిలించి ఉంటే ఇంకో అంకె వస్తుంది. అందుకే కొలిచే ముందు వెనకున్న వైర్లన్నీ తీసేయండి.

తిరగేసినా ఇదే తప్పు. నల్లది హాట్ వైపు పెట్టి స్టాండ్‌బై 5 వోల్టులు (టీవీ ఆఫ్‌లో ఉన్నా వచ్చేవి) కొలిస్తే ఆ 5 కనపడదు. బాగున్న సప్లైని పోయిందంటారు.

ఇంకా ముఖ్యమైనది: హాట్ గ్రౌండు "నెగటివే కదా" అని వేలు పెట్టకండి. బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు) తర్వాతి నెగటివ్ నేలతో పోలిస్తే ప్రతి సైకిల్లో సగం సేపు మెయిన్స్ వోల్టేజి మీదే ఉంటుంది. షాకు కొడుతుంది. రెండు గ్రౌండ్లనూ క్లిప్పు వైరుతో కలపడం అసలే వద్దు. టీవీ రేకు మొత్తం కరెంటులోకి వస్తుంది.

సరిహద్దు ఎక్కడో సర్క్యూట్ డయాగ్రమ్ చెబుతుంది. అందులో గ్రౌండు గుర్తులు రెండు రకాలుగా ఉంటాయి, చాలావాటిలో మధ్యలో చుక్కల గీత కూడా ఉంటుంది. డయాగ్రమ్ కోసం టీవీ మోడల్ నంబరుతో వెతికి విసిగిపోకండి. బోర్డు మీద నంబరుతో వెతకండి. శాంసంగ్ పవర్ బోర్డయితే బీఎన్44తో మొదలవుతుంది. ఎల్‌జీలో పీసీబీ మీద ఈఏఎక్స్, స్టిక్కరు మీద ఈఏవై ఉంటాయి. చవక సెట్లలో పవరూ మెయినూ కలిసిన యూనివర్సల్ బోర్డే పది బ్రాండ్ల పేర్లతో తిరుగుతుంది, కాబట్టి అక్కడ బ్రాండు పేరుతో పని లేదు.

డయాగ్రమ్ దొరక్కపోతే నేను మొదట చూసేది ఆప్టోకప్లర్‌ని. రెండు వైపుల మధ్య సంకేతాన్ని వెలుగుతో దాటించే నాలుగు కాళ్ల చిన్న ఐసీ ఇది, చాలా బోర్డుల్లో 817 అని ఉంటుంది. సాధారణంగా దాని 1, 2 కాళ్లు కోల్డ్ వైపు, 3, 4 హాట్ వైపు ఉంటాయి. దాని కింద నుంచి ట్రాన్స్‌ఫార్మర్ కింద దాకా రాగి లేని ఖాళీ దారి కనపడుతుంది, అదే సరిహద్దు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌ను నడిపే స్విచ్చింగ్ ఐసీ నంబరు చూసి దాని డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) తెరవండి. అందులో ఇచ్చే నమూనా సర్క్యూట్ మీ బోర్డుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఆరు కాళ్ల బుల్లి ఐసీల మీద పేరు బదులు పొట్టి కోడ్ ఉంటుంది. దాన్ని మార్కింగ్ కోడ్‌గా వెతకాలి.

ఇక కొలత. నల్లది చార కాలికి, ఎర్రది రెండో కాలికి పెడితే 325కి అటూఇటూ రావాలి. పెద్ద సెట్లలో పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్) ఉంటే టీవీ ఆన్ అయ్యాక 380–400కి పెరుగుతుంది. అది లోపం కాదు. తర్వాత నల్లది రేకుకి మార్చి స్టాండ్‌బై 5 చూడండి. 5 నిలకడగా ఉండి, రిమోట్ నొక్కినా పీఎస్-ఆన్ పిన్ (ఆన్ అవమని మెయిన్ బోర్డు పవర్ బోర్డుకు చెప్పే పిన్) మారకపోతే పవర్ బోర్డును వదిలి మెయిన్ బోర్డు వైపు వెళ్లండి. 5 వచ్చి పోతూ ఉంటే ముందు ఉబ్బిన కెపాసిటర్లు, షార్టయిన డయోడ్లు చూడండి.

అభ్యాసం: ఎస్పీ రోడ్డులో పాత పవర్ బోర్డులు మూడు, వేర్వేరు కంపెనీలవి, తెచ్చుకోండి. ప్లగ్గు పెట్టకుండా, ఒక్కోదాని కింది వైపు ఫొటో ప్రింటు తీసి హాట్ భాగం ఎర్రగా, కోల్డ్ భాగం నీలంగా రంగు వేయండి. గీత దాటే ప్రతి భాగం పేరూ రాయండి: ట్రాన్స్‌ఫార్మర్, ఆప్టోకప్లర్, రెండు గ్రౌండ్ల మధ్య ఉండే నీలం వై-కెపాసిటర్. మూడూ పూర్తయ్యేదాకా మీ టీవీకి కరెంటు ఇవ్వకండి.