రుచి పరీక్ష పాసైంది, సరుకు ఫెయిలైంది: తప్పు ఎక్కడ వెతకాలి?

కొత్త ఆహార ఉత్పత్తిని రుచి చూపించి అడగగలిగే ప్రశ్నలు మూడే. తేడా తెలుస్తోందా? ఏ గుణం ఎంత ఉంది? నచ్చిందా? ఒకటి అడగాల్సిన చోట ఇంకోటి అడుగుతాం, అదీ ఆ ప్రశ్నకు పనికిరాని మనుషుల్ని. కింద రాసిన చిక్కుల్లో చాలావరకు అక్కడే మొదలవుతాయి.

సమస్య: ఆఫీసులో అందరికీ నచ్చింది, కొనేవాళ్లకి నచ్చలేదు

రుచి చూసింది తయారుచేసినవాళ్లే కాబట్టి. ఇరవై రకాలు మార్చి మార్చి తిన్న నాలుకకి ఇరవై ఒకటోది బాగానే ఉంటుంది. పైగా మేనేజర్ ముందుగా "బాగుంది" అనేస్తే కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? శిక్షణ పొందిన ప్యానెల్‌ని "నచ్చిందా" అని అడగడమూ ఇలాంటి తప్పే. వగరు ఎంత, కరకర ఎంత అని కొలవడం అలవాటైన మనిషి మామూలు కొనుగోలుదారులా తినలేడు.

8 నుంచి 12 మంది ఉండే ఆ ప్యానెల్‌తో గుణాలు మాత్రమే కొలిపించండి. ఇష్టం సంగతి ఆ రకం సరుకు నిజంగా కొని తినేవాళ్లనే అడగాలి, కనీసం ఓ వంద మందిని. అందుకు 9 పాయింట్ల స్కేలు చాలు. "అస్సలు నచ్చలేదు" నుంచి "చాలా చాలా నచ్చింది" దాకా సాగే ఈ స్కేలు అమెరికా సైన్యం సైనికుల తిండిని పరీక్షించే పనిలో పుట్టింది. ఎవరి సీటు వాళ్లది, మాటలు వద్దు.

సమస్య: మొదట ఇచ్చిన శాంపిల్‌కే ఎప్పుడూ ఎక్కువ మార్కులు

మొదటి ముద్దకి ఉండే మోజు అది, రెసిపీ గొప్ప కాదు. శాంపిళ్లకి 1, 2 అనో ఎ, బి అనో పేర్లు పెట్టినా మనసు అటే మొగ్గుతుంది. మూడంకెల కోడ్లు ఇవ్వండి, వరుస మార్చండి. మూడు శాంపిళ్లని ఆరు వరుసల్లో ఇవ్వొచ్చు, ఒక్కో వరుస సమానమైన మందికి వెళ్లాలి.

ఇంకా అనుమానంగా ఉంటే ఒకే శాంపిల్‌ని రెండు కోడ్లతో పెట్టి చూడండి. మార్కులు బాగా తేడా వస్తే తప్పు సరుకుది కాదు, మీ పరీక్షది. అప్పుడు వేడి చూసుకోండి: కరిగిన ఐస్‌క్రీమ్ గడ్డగా ఉన్నప్పటికంటే తియ్యగా అనిపిస్తుంది. పరిమాణం చూసుకోండి. భోజనం చేసి వచ్చిందెవరో, సెంటు పూసుకొచ్చిందెవరో కూడా. కారం ఉన్న సరుకైతే ఇంకో చిక్కు: మంట శాంపిల్ శాంపిల్‌కీ పేరుకుంటుంది, మంచినీళ్లతో పోదు. ఒక్కసారికి రెండు మూడు శాంపిళ్లే పెట్టి, మధ్యలో పాలు ఇచ్చి, బాగా ఆగాలి.

సమస్య: "తేడా లేదు" అని తేలింది, అయినా జనం "రుచి మారింది" అంటున్నారు

ఖర్చు తగ్గించడానికి ఒక పదార్థం మార్చినప్పుడు వచ్చే తలనొప్పి ఇది. సాధారణంగా చేసేది త్రికోణ పరీక్ష: మూడు శాంపిళ్లలో రెండు ఒకటే, వేరేదాన్ని పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరిది సరిపోతుంది. 12 మందిలో 7 మంది సరిగ్గా చెప్పారనుకోండి. గుడ్డిగా చెప్పి అన్ని సరిపోయే అవకాశం 5 శాతం మించకూడదన్నది మామూలు ప్రమాణం. దానికి గణాంకాల పట్టిక కనీసం 8 సరైన జవాబులు అడుగుతుంది కాబట్టి రిపోర్టులో "తేడా లేదు" అని పడుతుంది. కానీ గుడ్డి అంచనాకి వచ్చేది నలుగురే కదా! అక్కడ తేడా లేదని కాదు, దాన్ని పట్టేంత మంది లేరని అర్థం. 30 మందితో చేస్తే 15 సరైన జవాబులు కావాలి. "రెండూ ఒకటే" అని నిరూపించాలంటే ఆ 30 కూడా చాలరు. ఎంత తేడా వరకు పర్వాలేదో ముందే రాసిపెట్టుకుని, ఇంకా ఎక్కువ మందిని పిలవాలి.

రెండో కారణం మరీ మోసకారి. ప్రతిసారీ కొత్త రెసిపీని నిన్నటి రెసిపీతోనే పోలుస్తాం. ఒక్కో మార్పూ చిన్నదే, ఎవరికీ తెలియదు. అయిదు మార్పుల తర్వాత మొదటి సరుకు ఆనవాలే ఉండదు. అందుకే అసలు రెసిపీతో తాజాగా చేసిన కంట్రోల్ శాంపిల్ ప్రతి పరీక్షలో ఉండాలి. రంగులో తేడా ఉంటే ఎర్ర లైటు కింద పెట్టండి, లేకపోతే నాలుక బదులు కళ్లే జవాబు చెప్పేస్తాయి.

సమస్య: తీపి ఎక్కువైందన్నారు, చక్కెర తగ్గిస్తే మార్కులూ తగ్గాయి

ఎంతమంది అన్నారన్నది ఒక్కటే చూస్తే ఇలాగే అవుతుంది. "ఎక్కువైంది" అన్నవాళ్లు మొత్తమ్మీద ఎన్ని మార్కులిచ్చారు, "సరిపోయింది" అన్నవాళ్లు ఎన్ని ఇచ్చారు? ఆ రెండిటి మధ్య పెద్ద తేడా లేకపోతే దాని జోలికి పోకండి. తీపి తగ్గితే దాని చాటున దాగిన పులుపు, చేదు పైకి వస్తాయి. వెనీలా వాసన కూడా తీపిని పెంచినట్టు అనిపిస్తుంది, కాబట్టి తప్పు చక్కెరది కాకపోవచ్చు. లెక్క కట్టి తగ్గించడం కాదు, మూడు నాలుగు మోతాదుల్లో చేసి మళ్లీ రుచి చూపించండి.

సమస్య: గుక్కలో గెలిచింది, సీసాలో ఓడింది

1985 ఏప్రిల్‌లో కోకా-కోలా కంపెనీ దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించాక కొత్త ఫార్ములా తెచ్చింది. జులైలోనే పాతదాన్ని వెనక్కి తేవాల్సి వచ్చింది. పాతదాని మీద జనానికున్న మమకారం ఆ పరీక్షలకి అందలేదు, అది నాలుకకి సంబంధించింది కాదు మరి. దానికి తోడు, ఒక్క గుక్కలో తియ్యనిదే గెలుస్తుంది, సీసా నిండా తాగితే అదే మొహం మొత్తుతుంది. పూర్తి ప్యాకెట్ ఇంటికిచ్చి, వారం వాడనిచ్చి, అప్పుడు అడగండి.

సమస్య: మూడో నెలలో ముక్కిన వాసన అని ఫిర్యాదులు

తాజాగా ఉన్నప్పుడు తప్ప ఎవరూ రుచి చూడలేదు, అంతే. గోడౌన్‌లో ఉండే వేడిలోనే ప్యాకెట్లు ఉంచి, నెలనెలా తీసి ప్యానెల్‌కి ఇవ్వండి. పోల్చడానికి మొదటి రోజు సరుకుని ఫ్రీజర్‌లో దాచండి. గడ్డకడితే పాడయ్యే సరుకైతే అప్పటికప్పుడు కొత్తగా చేసుకోవాలి.