వెనక చక్రాల టో: తాళ్లు కట్టి సరిచేసుకున్నాను

న్యూజెర్సీలో నేను నడిపే పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, లేన్ మారినప్పుడల్లా వెనకవైపు జారినట్టు కదిలేది. హైవే మీద నిజంగా టెన్షన్‌గా ఉండేది. నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ కొంచెం కుడికి తిరిగే ఉండేది. ముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించినా మార్పు లేదు. కుడి వెనక టైరు లోపలి అంచు అరిగిపోవడం చూశాక అనుమానం వెనక చక్రాల టో మీదికి, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం మీదికి మళ్లింది.

కారుకు రెండు పక్కలా, హబ్‌ల (చక్రాల నడిభాగాల) మధ్యకు కుడి ఎడమల్లో సమదూరం ఉండేలా చేపల గాలపు దారం లాగి కట్టాను. దారం నుంచి రిమ్ ముందు అంచుకూ, వెనక అంచుకూ దూరం కొలిచాను. ఎడమ చక్రం ముందు అంచు 3 మిల్లీమీటర్లు లోపలికి, కుడిది 2 మిల్లీమీటర్లు బయటికి ఉన్నాయి. అంటే రెండు చక్రాలూ కుడివైపే చూస్తున్నాయి. స్టీరింగ్ వంకర అక్కడి నుంచే వచ్చింది.

సరిచేయడానికి, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌లో క్యామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ను కొంచెం పక్కకు జరిపేవి) ఉంటాయి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు కుడివైపు బోల్టు, ఆర్మ్ చివర ఉండే రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది. రెండు రాత్రులు నూనె పోసినా కదల్లేదు. చివరికి కోసేసి, కొత్త బుష్, కొత్త బోల్టు వేశాను. ఈసారి బోల్టుకు, మళ్లీ అతుక్కుపోకుండా ఉంచే యాంటీ సీజ్ గ్రీజు మరచిపోకుండా పూశాను.

ఒక్కో పక్క 1.5 మిల్లీమీటర్ల టో-ఇన్ (చక్రం ముందు అంచు లోపలికి ఉండడం) పెట్టాను. తిప్పిన ప్రతిసారీ కారును ముందుకూ వెనక్కూ దొర్లించి మళ్లీ కొలవాలి, లేకపోతే కొలత తప్పుతుంది. నట్లను చక్రాలు నేలమీద ఉన్నప్పుడే బిగించాను, గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.

ఇప్పుడు స్టీరింగ్ నిటారుగా ఉంది.